లాప్‌టాప్ మందగిస్తే కొత్తది కొనే ముందు

(సంఘం సర్వసభ్య సమావేశంలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పింఛనుదారుల సభలో మాట్లాడవలసిన విషయం డి.ఆర్., మెడికల్ కార్డు, లైఫ్ సర్టిఫికెట్టు. లాప్‌టాప్ గురించి చెప్పమని కార్యదర్శి గారు అడిగితే, ఎవరు వింటారండీ అన్నాను. ఆయన అన్న మాట ఏమిటంటే, మన వాళ్లలో లాప్‌టాప్ నెమ్మదించిందని కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు, ఫోనులో ఎవరో బాగు చేస్తామంటే నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు, ఆ రెండూ తప్పేలా నాలుగు మాటలు చెప్పండి అని. అందుకని ఒప్పుకున్నాను.

కొల్లూరులో ఉంటున్న మన సభ్యుడొకరి సంగతితో మొదలు పెడతాను. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. ఆయన ఇంట్లో 2018లో కొన్న లాప్‌టాప్ ఉంది. అందులో ఇంటెల్ కంపెనీ ఐ5-8250యు అనే ప్రాసెసర్. దాని మీద రాసిన వేగం 1.60 గిగాహెర్ట్జ్, అవసరం పడితే 3.40 దాకా వెళ్తుంది. మనుమరాలు దాని మీద క్లాసులు వింటుంది. మనం ఎంసెట్ అని పిలుచుకున్న పరీక్ష ఇప్పుడు ఎప్‌సెట్ అయింది కదా, దానికి చదువుతోంది. రెండు నెలలుగా ఆ యంత్రం ఎంత నెమ్మదించిందంటే, పాఠం ఆగి ఆగి వస్తుంది, ఒక పేజీ తెరవడానికి టీ తాగి రావచ్చు. బాటరీ కూడా చార్జి కావడం మానేసింది. దుకాణానికి పట్టుకెళ్తే, పట్టుమని పది నిమిషాలు చూసి, బాటరీ పోయింది, దాంతో పాటు బోర్డు కూడా పోయింది, బాగు చేయించడం దండుగ, కొత్తది తీసుకోండి అన్నారు. యాభై వేలు. 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించిన పథకంలో మనలో చాలామంది ఉన్నారు. యాభై వేలంటే ఎన్ని నెలల మాటో మీకు లెక్క కట్టి చెప్పనక్కరలేదు.

ఆయన నాకు ఫోను చేసి, "అన్నా, కొనుడైతే కొంట గని, ఒక్కసారి మీరు వచ్చి చూస్తరా?" అన్నాడు. వెళ్లాను. చూడడానికి స్క్రూడ్రైవరు కూడా పట్టుకెళ్లలేదు. మనం ఫ్యాక్టరీలో నేర్చుకున్న పద్ధతి ఒకటుంది కదా, యంత్రాన్ని విప్పే ముందు దాన్ని నడిపే మనిషిని అడగాలి. ఆ పిల్లను అడిగాను, అమ్మా, ఎప్పుడైనా బాగా నడిచిందా అని. "మొదట్ల కరెంటు పోయినప్పుడు మంచిగ నడిచేది తాతా. మళ్ల కరెంటు రాంగనే స్లో అయ్యేది. ఇప్పుడు బాటరీ దిగిపోయింది, కరెంటు పోతే మొత్తమే బంద్ అయితున్నది" అంది. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. కరెంటు పోతే బాగా నడవడం ఏమిటని. కానీ జబ్బు ఎక్కడుందో ఆ అమ్మాయి ఆ మూడు ముక్కల్లోనే చెప్పేసింది. అది ఎలాగో చెప్పే ముందు, అసలు ఈ వేగం అనేది ఏమిటో కొంచెం చెప్పాలి.

మనలో రామచంద్రపురం భెల్‌లో గ్యాస్ టర్బైన్లతో పని చేసినవారు ఉన్నారు. టర్బైను మీద ఇన్ని మెగావాట్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె 15 డిగ్రీల వేడిలో, సముద్ర మట్టంలో, 60 శాతం తేమలో ఇచ్చే అంకె. మన పటాన్‌చెరు ఎండలో 42 డిగ్రీల దగ్గర అదే టర్బైను అంత ఇవ్వదు. దాన్ని ఎవరూ చెడిపోయిందనరు. ప్రాసెసర్ కూడా అంతే. మీద రాసిన 1.60 అనేది, తయారుచేసినవాళ్లు చెప్పిన చల్లదనం ఉంటే, ఎంత పని పెట్టినా నిలకడగా ఇవ్వగల వేగం. 3.40 అనేది చల్లగా ఉండి, కరెంటు పుష్కలంగా ఉంటే కాసేపు అందుకోగల పైవేగం. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది ఈ రెండోదాన్నే, దాని ముందు 'దాకా' అనే మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి 3.40 రాలేదని బాధపడనక్కరలేదు. పని ఒత్తిడిలో 1.60 కూడా రాకపోతే అప్పుడు ఏదో ఉందని అర్థం.

ఇంకొకటి. పని లేనప్పుడు ప్రాసెసర్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ వారు లాప్‌టాప్‌లలో ఈ ఏర్పాటును 2000 సంవత్సరంలో తెచ్చారు, బాటరీ ఆదా కోసం. అందుకని ఊరికే కూర్చున్న లాప్‌టాప్‌లో 0.80 అని కనిపిస్తే అది జబ్బు కాదు, విశ్రాంతి. పని పెట్టి చూడాలి. 486 కంప్యూటర్ల కాలంలో పెట్టె ముందు టర్బో అని ఒక మీట ఉండేది, గుర్తుందా? అది నొక్కి మనమే వేగం తగ్గించేవాళ్లం, పాత ప్రోగ్రాములు మరీ వేగంగా పరుగెత్తకుండా. ఇప్పుడు ఆ మీట లోపలికి వెళ్లిపోయింది, దాన్ని నొక్కేది మనం కాదు.

చూడడం ఎలాగంటే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద సీపీయూ. అక్కడ స్పీడ్ అని ఒక అంకె మారుతూ ఉంటుంది, పక్కన బేస్ స్పీడ్ అని మారని అంకె ఒకటి ఉంటుంది. నేను చెప్పిన ప్రాసెసర్‌కు చాలా లాప్‌టాప్‌లలో బేస్ స్పీడ్ 1.60 బదులు 1.80 అని చూపిస్తుంది, దానికి కంగారు పడకండి. ఇప్పుడు నాలుగైదు పేజీలు, ఒక వీడియో ఒకేసారి తెరిచి ఆ స్పీడ్ చూడండి. కొల్లూరులో మేము చూసినప్పుడు అది 0.79 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. పైకి కదలదు, కిందికి కదలదు.

అక్కడే ఒక చిక్కుంది, బాగా తెలిసినవాళ్లు కూడా పొరబడేది. పక్కనే యుటిలైజేషన్ అని శాతం చూపిస్తుంది. అది 40, 44 దగ్గర ఆగింది. దుకాణంలో దాన్ని చూసి, ప్రాసెసర్ మీద సగం పని కూడా లేదు, కాబట్టి తప్పు బోర్డుదే అన్నారట. కానీ ఆ యంత్రంలో ఆ శాతాన్ని బేస్ స్పీడ్‌తో పోల్చి కట్టారు. 1.80లో 0.79 అంటే 44 శాతమే కదా. అంటే పాపం ఆ ప్రాసెసర్ తనకు అనుమతి ఉన్నంతలో పూర్తిగా, ఊపిరి సలపకుండా పని చేస్తోంది. కాళ్లు కట్టేసిన ఎద్దును చూసి సోమరిది అన్నట్టుంది ఆ మాట. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని భాగించి చూస్తే విషయం బయటపడుతుంది.

ఇక కాళ్లు కట్టిందెవరు? ప్రాసెసర్‌కు ఒక పిన్ను ఉంటుంది. ప్రాక్‌హాట్ అంటారు. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తానే ఆ తీగ మీద సంకేతం ఇచ్చి వేగం తగ్గించుకుంటుంది. చాలా లాప్‌టాప్‌లలో ఈ తీగ రెండు వైపులా పని చేస్తుంది. అంటే బయటి నుంచి బోర్డు మీది చిన్న కంట్రోలరు కూడా దాన్ని లాగి, నువ్వు తగ్గు అని చెప్పవచ్చు. మన భాషలో చెప్పాలంటే కంట్రోల్ రూములోనూ, ఫీల్డులోనూ రెండు చోట్లా ఎమర్జెన్సీ బటన్ ఉన్నట్టు. ఎవరు నొక్కినా ప్రాసెసర్ అట్టడుగు గేరులోకి వస్తుంది. లోపలి గడియారం 100 మెగాహెర్ట్జ్, అట్టడుగు గేరు 8, హెచ్చవేస్తే 800. అదే టాస్క్ మేనేజరులో 0.79గా కనిపించింది.

ఆ బటన్ బయటి నుంచి ఎవరు నొక్కుతారంటే, ఎక్కువ సార్లు చార్జరు కారణంగా. కొన్ని కంపెనీల చార్జర్ల గొట్టం మధ్యలో సూదిలాంటి సన్నని పిన్ను ఉంటుంది, చూసే ఉంటారు. దాని గుండా కరెంటు రాదు. నేను ఫలానా కంపెనీ చార్జరును, ఇన్ని వాట్లు ఇవ్వగలను అని చార్జరులోని చిన్న చిప్ ఆ పిన్ను ద్వారా గుర్తింపు కార్డు చూపిస్తుంది. కార్డు చూపించకపోతే లాప్‌టాప్ దాన్ని నమ్మదు. ఎంత కరెంటు ఇస్తుందో తెలియని చార్జరు మీద పూర్తి భారం వేస్తే అది కాలిపోవచ్చు కనుక, రెండు పనులు చేస్తుంది. బాటరీని చార్జి చేయడం ఆపుతుంది, ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది. కొల్లూరులో రెండు జబ్బులు అనుకున్నవి రెండూ ఇవే.

అసలు చార్జరు ఏమైందమ్మా అంటే, కొడుకు పుణె వెళ్తూ పట్టుకుపోయాడు. దాని బదులు కొన్ని వందలు పెట్టి ఇంకొకటి తెచ్చారు. దాని మీద 19.5 వోల్టులు, 4.62 ఆంపియర్లు అని రాసి ఉంది. హెచ్చవేస్తే 90 వాట్లు. పాతది 3.34 ఆంపియర్లు, అంటే 65 వాట్లు. మన మిత్రుడు కూడా మనలాంటివాడే, వోల్టులు సమానం, ఆంపియర్లు ఎక్కువ, ఇక లోటేమిటని లెక్క చూసుకునే కొన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ అది గుర్తింపు కార్డు లేని చార్జరు. ఆ అపార్ట్‌మెంటులోనే అదే కంపెనీ లాప్‌టాప్ ఉన్నవారిని అడిగి చార్జరు అరువు తెచ్చాం. ఆపి, కొత్తగా వచ్చిన చార్జరు పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. స్పీడ్ అంకె 2.9, 3.1 అని ఆడడం మొదలైంది. బాటరీ బొమ్మ పక్కన చార్జింగ్ గుర్తు వచ్చింది. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు. తర్వాత కంపెనీ చార్జరు రెండు వేల లోపు వచ్చింది. యాభై వేల జబ్బుకు రెండు వేల మందు.

ఈ సంగతి మీరే పట్టుకోవచ్చు. చార్జరు తీసేసి బాటరీ మీద ఒక ఐదు నిమిషాలు నడపండి. వేగం పెరిగితే చార్జరునే అనుమానించండి. స్విచ్ వేసిన వెంటనే తెర మీద చార్జరు రకం గుర్తించలేకపోతున్నాం అన్న అర్థంలో ఇంగ్లీషులో వచ్చే మాటను చాలామంది ఎంటర్ నొక్కి దాటేస్తారు. దయచేసి చదవండి. ఈవెంట్ వ్యూయర్ అనే చిట్టాలో కూడా, మన లాగ్ బుక్ లాంటిదే అది, 37 నంబరుతో ఒక నమోదు ఉంటుంది, ప్రాసెసర్ వేగాన్ని ఫర్మ్‌వేర్ పరిమితం చేస్తోందని. అది కనిపిస్తే విండోస్ మళ్లీ వేయించడం వల్ల సాధారణంగా లాభం ఉండదు. దుకాణాల్లో ముందు చేసే పని మాత్రం అదే.

చార్జరు సరిగా ఉన్నా వేగం రాకపోతే తర్వాత చూడవలసింది వేడి. దాని లక్షణం వేరుగా ఉంటుంది. చార్జరు జబ్బయితే మొదటి నిమిషం నుంచీ అంకె అడుగునే ఉంటుంది. వేడి జబ్బయితే మొదట 3 దాటి పరుగెత్తుతుంది, ఫ్యాను గోల పెడుతుంది, రెండు మూడు నిమిషాల్లో 1.2కో, ఇంకా కిందికో దిగుతుంది. కాసేపు ఆపితే మళ్లీ లేస్తుంది. ఈ రకం ప్రాసెసర్‌లకు చాలావరకు 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దు దాటకుండా వేగం తగ్గించుకుని తనను తాను కాపాడుకుంటుంది.

కొల్లూరు, తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్ వైపు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ వర్తిస్తుంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన దగ్గర నుంచి అక్కడ కట్టడాలు ఆగింది లేదు. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆ పెద్ద రెండు పడక గదుల కాలనీ ఒక్కటే 15,660 ఇళ్లు. లారీల దుమ్ము, సిమెంటు దుమ్ము కిటికీలోంచి వచ్చి లాప్‌టాప్ ఫ్యాను వెనక ఉండే సన్నని రాగి రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. బయటికి కనిపించదు. అడుగు మూత తీయించి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దులిపించాలి. ఫ్యానును గాలితో గిర్రున తిప్పితే దాని బేరింగు పాడవుతుంది. నాలుగైదేళ్లు దాటిన లాప్‌టాప్ అయితే ప్రాసెసర్‌కు, రాగి రేకుకు మధ్య రాసే పేస్టు ఎండిపోయి ఉంటుంది, దాన్ని కూడా మార్పించండి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడకండి. గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగునే ఉంటాయి.

ఈ వేడి గొడవ మనదే అనుకోకండి. 2018 జూలైలో ఆపిల్ కంపెనీ మాక్‌బుక్ ప్రో అని చాలా ఖరీదైన లాప్‌టాప్ విడుదల చేసింది. ఐ9 ప్రాసెసర్, బేస్ స్పీడ్ 2.9. డేవ్ లీ అనే ఆయన వీడియో తయారీ పని పెట్టి చూస్తే 2.2 దగ్గరే ఆగుతోంది. ఆయన చేసిన పరీక్ష చూడండి, లాప్‌టాప్‌ను తీసుకెళ్లి ఫ్రీజరులో పెట్టి అదే పని చేయించాడు. బయట 39 నిమిషాలు పట్టినది ఫ్రీజరులో 27 నిమిషాల్లో అయింది. ఆ నెల 24వ తేదీన, ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకపోవడం వల్ల ఇలా జరిగిందని చెప్పి ఆపిల్ సవరణ విడుదల చేసింది. మీరు మాత్రం ఫ్రీజరు జోలికి వెళ్లకండి, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది.

2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ యంత్రాలు కొన్ని 400 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుపోయాయి. అంటే గేరు 4. అక్కడా ఇందాక చెప్పిన ప్రాక్‌హాట్ సంకేతమే. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల గారు అధిపతిగా ఉన్న కంపెనీకే తప్పలేదన్నమాట. వాళ్లూ ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చారు. అందువల్ల చార్జరు, దుమ్ము రెండూ చూసిన తర్వాత, మీ లాప్‌టాప్ కంపెనీ వారి బయాస్ సవరణ ఉందేమో మీ పిల్లల చేత చూపించుకోండి. అది జరుగుతున్నంతసేపు కరెంటు పోకూడదు, బాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయాలి.

పవర్ సెట్టింగులు కూడా ఒకసారి చూడండి. బాటరీ సేవర్ మోడ్ వేసి మరిచిపోతుంటారు. మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే చోట 100 బదులు 99 ఉన్నా పైవేగం రాదు. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ టర్బో మొత్తం ఆగిపోతుంది. టాస్క్ మేనేజరులో ప్రాసెసర్ బాగానే ఉండి డిస్కు 100 శాతం చూపిస్తుంటే అసలు జబ్బు పాత హార్డ్ డిస్కుది. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే చాలు.

బాటరీ గురించి ఒక హెచ్చరిక. టచ్ ప్యాడు పైకి ఉబ్బినట్టున్నా, మూత సరిగా మూసుకోకపోయినా బాటరీ ఉబ్బిందేమోనని అనుమానించండి. వెంటనే వాడకం ఆపండి. నొక్కి సరిచేయబోకండి, చార్జింగులో పెట్టకండి. అది వేగం సమస్య కాదు, మంటల సమస్య. బాటరీకీ వేగానికీ సంబంధం లేకపోలేదు. ముసలిదైన బాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేదు. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గిస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ముందే చెప్పలేదని ప్రపంచమంతా గోల చేస్తే, మన దేశంలో 6,500 రూపాయల బాటరీ మార్పిడి 2018లో 2,000కే చేసింది. ఫోను మార్చుకుందామని అనుకున్నవాళ్లు ఎందరో బాటరీ మార్చుకుని ఊరుకున్నారు.

థ్రాటిల్‌స్టాప్ అనే ఒక ప్రోగ్రాము ఉంది. అందులో ఒక టిక్కు తీసేస్తే ప్రాసెసర్ ఆ బయటి సంకేతాన్ని పట్టించుకోదు, చార్జరు ఏదైనా సరే వేగం వచ్చేస్తుంది. కుర్రాళ్లు రెండు నిమిషాల్లో చేసేస్తారు. మనం ప్లాంటులో పని చేసినవాళ్లం. ట్రిప్ సర్క్యూట్ మాటిమాటికీ పని చేస్తోందని దాన్ని బైపాస్ చేసి యంత్రం నడిపితే ఏమవుతుందో మనకు తెలుసు. చార్జరు మంచిదని తేలి, సెన్సారే తప్పు చెబుతోందని రుజువైతే, తెలిసిన మనిషి తాత్కాలికంగా చేయవచ్చు. వందల రూపాయల చార్జరుతో రాత్రంతా అలా నడపడం మాత్రం ఒప్పుకోకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ కంప్యూటరు నెమ్మదించింది, మేం ఫలానా పెద్ద కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం అని ఫోను వస్తుంది. లేదా తెర నిండా ఎర్రగా హెచ్చరిక వచ్చి, కింద ఒక నంబరు ఉంటుంది. ఒక యాప్ వేసుకోమంటారు, దానితో మీ తెర వాళ్ల చేతిలోకి వెళ్తుంది. తర్వాత చిన్న ఫీజు, పది రూపాయలే, బ్యాంకులో లాగిన్ అవ్వండి అంటారు. మీ ప్రాసెసర్ వేగం ఎంతో మీరు చూస్తేనే తెలుస్తుంది. ఎక్కడో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఫోను పెట్టేయండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచకండి, వెంటనే 1930కి చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

వారంటీలో ఉన్న యంత్రానికే ఇలాంటిది జరిగి కంపెనీ పట్టించుకోకపోతే, 1915 జాతీయ వినియోగదారుల నంబరు ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, మనకు సంగారెడ్డిలో కమిషను ఉంది. రెండేళ్లలోపు వేయాలి. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. బిల్లుతో పాటు ఆ టాస్క్ మేనేజరు తెరను, తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. నెమ్మదిగా ఉందని నోటితో చెప్పడం వేరు, 1.60 ఉండవలసింది 0.79 ఉందని చూపించడం వేరు.

భోజనాల తర్వాత ఈ హాలులోనే కూర్చుంటాను. నలుగురు లాప్‌టాప్‌లు తెచ్చారని కార్యదర్శి గారు చెప్పారు. చార్జర్లు కూడా వెంట తెచ్చుకున్నవారివి ముందు చూద్దాం. సెలవు.